ఏ రేకు ఎక్కడుందో మాకూ చెప్పండి: కార్ల కంపెనీలకు వరంగల్ ఆటోనగర్ నుంచి ఒక లేఖ

కార్లు తయారు చేసే కంపెనీల పెద్దలకు, బండ్లకు ఇన్సూరెన్స్ చేసే కంపెనీల వారికి, మన రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ అధికారులకు వరంగల్ ఆటోనగర్‌లో, గుద్దుకున్న కార్ల రేకు సరిచేసే డెంటింగ్ షెడ్డు నడిపే పనివాడు నమస్కరించి రాస్తున్నది.

నేను 1994లో పదిహేనేళ్ల వయసులో ఈ పనిలో చేరాను. అంబాసిడర్, ఫియట్, మారుతి 800 కాలం నుంచి చేతిలో సుత్తె, రేకు వెనక ఆనించే డాలీ పట్టుకునే ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర నలుగురు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. నేను చదివింది ఎనిమిదో తరగతే గానీ రేకు మీద చెయ్యి పెడితే అది ఎక్కడ లాగింది, ఎక్కడ ముడుచుకుంది చెప్పగలను. అట్లాంటి నేను ఒక కారును పాడు చేశాను. ఎట్లా పాడు చేశానో చెప్తే, మిమ్మల్ని ఏం అడుగుతున్నానో మీకు సరిగ్గా అర్థమవుతుంది.

2019 వానాకాలం. నర్సంపేట దిక్కు నుంచి ఒక టీచర్ గారి కారు వచ్చింది. పక్క నుంచి డీసీఎం లారీ గుద్దింది. దేవుడి దయవల్ల లోపలున్న వాళ్లకు చిన్న దెబ్బలతో పోయింది. ముందు తలుపుకు, వెనుక తలుపుకు మధ్య నిలబడే పిల్లర్ నాలుగు వేళ్ల మందం లోపలికి పోయింది. గొలుసు వేసి, జాకీ పెట్టి లాగాం. లాగినంతసేపు వస్తుంది, వదలగానే తన చోటికి తాను పోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే వరస. డ్రిల్ వేద్దామంటే బిట్టు జారుతుంది తప్ప దిగదు. మూడు బిట్లు నల్లగా మాడిపోయాయి. "ఉస్తాద్, ఇది ఇగ రాదు, గ్యాస్ పెడదాం" అన్నాడు మా పోరడు. పెట్టాం. పాతికేళ్లుగా చేస్తున్నదే కదా. పిల్లర్ ఎర్రబడింది, సుత్తెకు లొంగింది, గీసిన గీత మీదికి వచ్చి నిలబడింది. చల్లారినాక డ్రిల్ వేస్తే అదే రకం బిట్టు వెన్నలో దిగినట్టు దిగింది. ఆ రోజు నేను సంతోషపడ్డాను. పుట్టీ, ప్రైమర్, రంగు అయిపోయాక టీచర్ గారు కారు చుట్టూ తిరిగి చూసి, దెబ్బ తగిలిన చోటు కనిపెట్టలేకపోయారు. పిల్లలకు స్వీట్లు తెచ్చి పెట్టి పోయారు.

ఆ వెన్నలో దిగినట్టు దిగిన బిట్టు సంగతి నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. మన ఎన్‌ఐటీలో మెటలర్జీ, అంటే లోహాల చదువు, చదివే ఒక పిల్లవాడు వాళ్ల నాన్న కారు పని మీద షెడ్డుకొచ్చాడు. మా వాళ్లు ఇంకో బండి పిల్లర్ మీద గ్యాస్ పెట్టబోతుంటే పరుగున వచ్చి ఆపాడు. "అన్నా, అది మామూలు ఇనుము కాదు, వేడి చేస్తే సచ్చిపోతది" అన్నాడు. నమ్మలేదు. అప్పుడు వాడే స్క్రాపులో పడున్న ఒక కొత్త మోడల్ కారు పిల్లర్ నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీని గ్రైండర్‌తో, నీళ్లు కొట్టుకుంటూ కోయించాడు. ఒక కొసను గ్యాస్‌తో ఎర్రగా కాల్చి, నిదానంగా చల్లారనిచ్చాడు. రెండో కొసను ముట్టలేదు. తర్వాత నా చేతికి ఆకురాయి ఇచ్చి గీకమన్నాడు. కాల్చని కొస మీద ఎంత ఒత్తి గీకినా సన్నని మెరుపు గీత పడింది, అంతే. కాల్చిన కొస మీద నాలుగు సార్లు రాకగానే పొడి రాలింది. వైస్‌కు బిగించి కొడితే కాల్చని కొస సుత్తెను ఎగరేసింది. కాల్చిన కొస తలొంచి అట్లనే ఉండిపోయింది.

మా తాత పరకాల దగ్గర ఊళ్లో కమ్మరి. చిన్నప్పుడు నేను కొలిమి దగ్గర తిత్తి ఊదేవాణ్ని. కొడవలిని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, చివరికి నీళ్లలో ముంచేవాడు. ఆ ముంచడంలోనే పదునుందని చెప్పేవాడు. అట్లా పదును పెట్టిన కొడవలిని ఎవరైనా పొయ్యిలో పడేస్తే తాతకు ప్రాణం పోయినంత పని. "నిప్పుల పడ్డ కొడవలి గడ్డి గూడ కొయ్యది" అనేవాడు. కమ్మరి మనవణ్ని అయ్యుండి నేను చేసింది అదే పని. మీ ఫ్యాక్టరీలో నీళ్లు తాగించిన ఉక్కును తెచ్చి మళ్లీ నిప్పుల్లో పెట్టాను. అది నీళ్లు తాగిన ఉక్కని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్లవాడు చెప్పిందీ, తర్వాత నేను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మీకు తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే మా తోటి పనివాళ్లకు తెలియాలి. ఇనుములో కొద్దిగా బోరాన్, మాంగనీస్ కలిపిన రేకును 900 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఎర్రగా ఉండగానే ప్రెస్సులో పెట్టి అచ్చు కొడతారు. ఆ అచ్చు లోపల చల్లని నీళ్లు పారే దారులుంటాయి. రేకు అచ్చులో ఉండగానే సెకన్లలో చల్లబడి గట్టిపడుతుంది. మామూలు రేకు చదరపు మిల్లీమీటరుకు 30 కిలోల చుట్టూ లాగితే తెగుతుంది. ఇది 150 కిలోల దాకా ఆపుతుంది. ఐదింతలు. అందుకే రేకు పలచగా వేసినా పిల్లర్ నిలబడుతుంది, కారు బరువు తగ్గుతుంది. స్వీడన్‌లో సాబ్ కంపెనీ 1984లోనే తన 9000 కారుకు ఇట్లాంటి ఉక్కు వాడింది. మన దగ్గర చిన్న కార్లలోకి వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటింది. గ్యాస్‌తో కాల్చి వదిలేస్తే ఆ 150 కిలోల బలం మూడో వంతుకు పడిపోతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. రంగు వేస్తే అన్నీ ఒక్కటే.

ఇది తెలిసిన రోజు టీచర్ గారికి ఫోన్ చేశాను. చెప్పడానికి మాట రాలేదు, అయినా చెప్పాను. ఆయన ఆ కారును 2021లోనే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి వేరేది కొన్నారట. కొన్నవాళ్లు హైదరాబాద్‌లో ఎవరికో అమ్మారట. ఆ తర్వాత ఎవరి దగ్గరుందో నాకు దొరకలేదు. ఆ కారు ఇప్పటికీ ఏదో రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది. ఎడమ పక్క పిల్లర్‌లో, రంగు కింద, నేను మెత్తబరిచిన ఇనుముంది. ఆ సీట్లో ఎవరి పిల్లలు కూర్చుంటున్నారో నాకు తెలియదు. రాత్రి పూట ఇది గుర్తొస్తే నిద్ర పట్టదు.

కార్లను తేలిక చేయొద్దని నేను అనడం లేదు. తేలిక చేయాలి. బరువు పది శాతం తగ్గితే, దానికి తగ్గట్టు ఇంజన్ కూడా సరిచేస్తే, పెట్రోలు, డీజిల్ ఖర్చు ఆరు నుంచి ఎనిమిది శాతం తగ్గుతుందని ఆ రంగంలో వాళ్లంతా ఒప్పుకునే లెక్క. మా దగ్గరికి వచ్చే ట్యాక్సీ డ్రైవర్లకు ఇది కాగితం లెక్క కాదు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే కారులో నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ లెక్కన 9 నుంచి 12 లీటర్లు మిగులుతుంది. ఒక ఇంటి పాల ఖర్చు అది. టౌన్‌లో లాభం ఇంకా బాగా తెలుస్తుంది. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఎన్నిసార్లు ఆగాలి, ఎన్నిసార్లు కదలాలి! ఆగిన బరువును కదిలించిన ప్రతిసారీ పెట్రోలు కాలుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ ఖర్చంతా వేడిగా పోతుంది. హైదరాబాద్ హైవే మీద ఒకే స్పీడులో పోయేటప్పుడు బరువు కంటే గాలిదే పెద్ద అడ్డు. బ్యాటరీ కార్లు వచ్చాయి, వాటికి బ్యాటరీయే పెద్ద బరువు, కాబట్టి బాడీలో తగ్గించే ప్రతి కిలో విలువైనదే.

ప్రభుత్వం పెట్టిన నియమం కూడా మీ మీద ఉందని తెలుసు. 2017-18 నుంచి ఒక కంపెనీ అమ్మే కార్లన్నింటికీ కలిపి సగటున కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అన్నారు, 2022-23 నుంచి దాన్ని 113కు దించారు. బరువు కార్లు అమ్మే కంపెనీకి ఆ హద్దు కొంత సడలుతుంది, తేలిక కార్లు అమ్మే కంపెనీకి బిగుస్తుంది. నాకు ఇది న్యాయంగా అనిపించలేదు. బరువు తగ్గించిన వాడికి మేలు జరగాలి గదా. అయినా మీరు తగ్గిస్తూనే ఉన్నారు. 2018లో వచ్చిన స్విఫ్ట్ దాని ముందు స్విఫ్ట్ కంటే 80 కిలోలకు పైగా తగ్గింది, లోపల జాగా తగ్గలేదు. ఆ కారు బాడీని మొదటిసారి విప్పినప్పుడు, ఎక్కడ ఎంత ఆలోచించి రేకును మలిచారో చూసి నేను చాలాసేపు అట్లే నిలబడ్డాను. పనివాడికి పనితనం తెలుస్తుంది.

మా జిల్లాల్లో ఈ తెలివి కొత్తది కాదు. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. గుడి గోడలకు, స్తంభాలకు రాయి వాడి, పైన శిఖరానికి మాత్రం నీళ్ల మీద తేలే ఇటుకలు కట్టారు. కింద మోసే చోట బరువు, పైన మోయించే చోట తేలిక. 2021లో యునెస్కో గుర్తించాక దేశమంతా ఆ ఇటుకల గురించి మాట్లాడుకుంది. ఇప్పుడు ఆ శిఖరం మీద నాలుగు ఇటుకలు రాలాయనుకోండి. ఊళ్లో తాపీ మేస్త్రీకి ఏమీ చెప్పకుండా నిచ్చెన ఇచ్చి ఎక్కిస్తే ఏం చేస్తాడు? బట్టీ ఇటుకలు పెట్టి, సిమెంటు పూసి, రంగు కొట్టి దిగుతాడు. ఆయన తప్పేం లేదు. పైనున్నది వేరే ఇటుక అని చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు. పదేళ్లుగా కార్ల విషయంలో మా పరిస్థితి ఇదే.

ఒక్క కారులోనే ఇప్పుడు నాలుగైదు రకాల ఉక్కు ఉంటోంది. పైన కనిపించే తలుపు రేకు ఒకటి, లోపలి గుల్ల ఒకటి, ముందు దెబ్బను మింగేందుకు ముడుచుకుపోవాల్సిన, రైలు అని పిలిచే పొడుగు దూలం ఒకటి, ముడుచుకోకుండా నిలబడాల్సిన పిల్లర్ ఇంకొకటి. ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి విషం. కొన్నింటిని సుత్తెతో సరిచేయొచ్చు. కొన్నింటిని చల్లగా లాగొచ్చు గానీ కాల్చొద్దు. కొన్నింటిని అసలు సరిచేయొద్దు, మీరు చెప్పిన గీత దగ్గర కోసి కొత్తది పెట్టాలి. కోసే గీత రెండంగుళాలు అటు ఇటు అయితే దెబ్బ తగిలినప్పుడు బలం పోవాల్సిన దారే మారిపోతుంది. స్పాట్ వెల్డింగ్ మిషన్ కూడా పాతది పనికిరాదు. గట్టి ఉక్కుకు నొక్కే బలమూ, కరెంటూ ఎక్కువ కావాలి. కొన్ని చోట్ల వెల్డింగ్ బదులు తక్కువ వేడిలో కరిగే రాగి, సిలికాన్ తీగతో అతకాలంటారు. కొన్ని చోట్ల గమ్ము పెట్టి అతుకుతారు. పిల్లర్ మీద ఇవేవీ రాసి ఉండవు. అయస్కాంతం పెడితే అన్ని ఉక్కులకూ ఒక్కతీరుగానే అతుక్కుంటుంది. కంటికి తేడా లేదు, చేతికి తేడా లేదు. మరి ముట్టుకునేవాడికి ఎట్లా తెలియాలి?

అల్యూమినియం సంగతి ఇంకో రకం. దానికి అయస్కాంతం అతుక్కోదు కాబట్టి కనీసం గుర్తుపట్టొచ్చు. ఉక్కుతో పోలిస్తే అది మూడో వంతు బరువే. జర్మనీ వాళ్లు 1994లోనే ఆడి ఏ8కు అల్యూమినియం బాడీ చేశారు, అమెరికాలో 2015 ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు బాడీని అల్యూమినియంకు మార్చి 300 కిలోల పైన తగ్గించారు. మన దగ్గరికి ఎక్కువగా ఖరీదైన కార్ల బానెట్లుగా వస్తోంది. ఒకసారి హైదరాబాద్ నుంచి మేడారం పోతున్న వాళ్ల కారు బానెట్ గొయ్యి పడి మా దగ్గరికొచ్చింది. మా షెడ్డులో అన్నింటికంటే చేతి నిదానం ఉన్న కుర్రాడికి ఇచ్చాను. వాడు రంగు చూసి వేడి కొలవడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ముందు నీలి చాయ, తర్వాత ముదురు ఎరుపు, ఆ తర్వాత పండు ఎరుపు. వాడు ఎరుపు కోసం చూస్తున్నాడు. ఎరుపు రాలేదు. అల్యూమినియం ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర కరిగేదాకా తెల్లగానే ఉంటుంది. చూస్తూ చూస్తుండగానే అరచేతి మేర రేకు తడి కాగితంలా వాలి కింద పడింది. వాడు ఏడ్చాడు. బానెట్ డబ్బులు నేనే కట్టాను, అది పెద్ద సంగతి కాదు. తప్పు చేయని పిల్లవాడు తనకు పని రాదనుకుని నెల రోజులు గ్యాస్ ముట్టలేదు, నాకు బాధ అది.

ఉక్కు గ్రైండింగ్ చేసిన చోటే అల్యూమినియం రాకితే ఇనుప పొడి దాంట్లో దిగి, రంగు కింద పొక్కులు లేస్తాయని కూడా మాకు ఆ తర్వాతే తెలిసింది. రెండింటికీ బ్రష్షులు, ఆకురాళ్లు వేరే ఉండాలట, వీలైతే జాగా కూడా వేరే. ప్లాస్టిక్ డిక్కీ డోర్లు, మడ్‌గార్డులు సరే, అవి పగిలితే మార్చడమే. కార్బన్ ఫైబర్ మా ఆటోనగర్ దాకా రాలేదు.

ఇప్పుడు నేను అడిగేది. మీ ప్రతి మోడల్‌కు బాడీ రిపేర్ మాన్యువల్ మీ దగ్గరుంది. దాంట్లో ఏ భాగం ఏ లోహం, దేన్ని కాల్చొచ్చు, దేన్ని కాల్చొద్దు, ఎక్కడ కోయాలి అని రంగులు వేసి మరీ చూపించిన బొమ్మలున్నాయి. వాటిని మీ షోరూం వర్క్‌షాపులకు ఇస్తున్నారు. మాకు ఇవ్వడం లేదు. నేను ఒక షోరూంకు పోయి బతిమాలి అడిగాను. "అది బయటికి ఇయ్యం" అన్నారు. ఆ బొమ్మ ఒక్కటి ఇవ్వండి. మాన్యువల్ మొత్తం కాకపోయినా, మోడల్‌కు ఒక్క పేజీ. ఎర్ర రంగు ఉన్నచోట నిప్పు పెట్టొద్దని తెలుగులో, హిందీలో, తమిళంలో ఒక్క మాట రాసి, ఫోన్‌లో ఎవరైనా చూసుకునేటట్టు పెట్టండి. బానెట్ లోపల ఒక స్టిక్కర్ అంటించినా చాలు. టైర్లలో గాలి ఎంత ఉండాలో తలుపు పక్కన అంటిస్తున్నారు కదా.

ఇది మీ వ్యాపార రహస్యమని అంటారేమో. కారు కొన్న ఎవరైనా పిల్లర్ కోసి పరీక్ష చేయించుకోవచ్చు. మీ పోటీ కంపెనీలు మీ కారు కొని ముక్కలు ముక్కలుగా విప్పి చూస్తాయని మీకూ తెలుసు. మరి ఆ రహస్యం దాగుతున్నది ఎవరి దగ్గర? సుత్తె పట్టుకున్న మా దగ్గర. ఐరోపా యూనియన్ 2007లోనే, 715 నంబరు రెగ్యులేషన్‌తో, రిపేర్ సమాచారం బయటి షెడ్లకు కూడా ఇచ్చి తీరాలని చట్టం చేసింది. మన దగ్గర 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ సరిగ్గా జరుగుతుందా అని చూసే కాంపిటీషన్ కమిషన్, విడి భాగాలను, పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ఆ వ్యవహారం అప్పీళ్లలోకి పోయింది. 2022 డిసెంబర్ 24న కేంద్ర ప్రభుత్వం రిపేర్ హక్కు పోర్టల్ తెరిచి, అందులో బండ్ల రంగాన్ని కూడా చేర్చింది. చట్టంగా ఇంకా రాలేదు. చట్టం వచ్చాక ఇస్తామని కూర్చోకండి. బండ్లు రోజూ గుద్దుకుంటూనే ఉన్నాయి.

వారంటీ అయిపోయిన కార్లు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు. భూపాలపల్లి, మహబూబాబాద్, ములుగు నుంచి గుద్దుకున్న బండి మొదట మా దగ్గరికే వస్తుంది. షోరూంలో అడిగే డబ్బులు వాళ్లు పెట్టలేరు. మీరు మాకు చెప్పకపోతే ఆ పని ఆగదు, తప్పుగా జరుగుతుంది. 2023 అక్టోబర్ 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష కింద గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి కార్లకు స్టార్లు ఇస్తున్నారు. మంచి పని. మీ ప్రకటనల్లో ఐదు స్టార్లు పెద్దగా వేస్తున్నారు. ఆ కారు ఒకసారి గుద్దుకుని, గ్యాస్ పెట్టించుకుని, రంగు వేయించుకుని రోడ్డెక్కాక ఎన్ని స్టార్లు మిగిలాయో ఎవరు చూస్తున్నారు? అదే కారును రెండో చేతికి కొనేది అప్పు చేసి మొదటి కారు కొనుక్కునే ఇంటివాళ్లు.

ఇన్సూరెన్స్ వారికి ఒక మాట. ఆ టీచర్ గారి పిల్లర్‌కు కూడా, నష్టం లెక్కకట్టే సర్వేయర్ 'రిపేర్' అనే రాశారు. 'మార్చాలి' అని రాస్తే ఖర్చు పెరుగుతుంది. ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క కట్టాలి. కాబట్టి పెన్ను రిపేర్ వైపే వాలుతుంది. మాకూ రిపేర్ కూలీయే ఇస్తారు. కాల్చకూడని ఉక్కుకు 'రిపేర్' అని రాయడమంటే దాన్ని కాల్చమని రాయడమే. కంపెనీ కాల్చొద్దన్న భాగానికి రిపేర్ కింద డబ్బులివ్వం, మార్చితేనే ఇస్తాం అని ఒక్క నియమం పెట్టండి. మీ సర్వేయర్లకూ ఆ రంగుల బొమ్మ ఇప్పించండి. కార్ల కంపెనీల వారూ పిల్లర్ లోపలి ముక్కను విడిగా అమ్మండి. దాని కోసం పక్క బాడీ మొత్తం కొనమంటే చిన్న కారు ఓనర్ కొనలేడు, మళ్లీ గ్యాస్ దగ్గరికే వస్తాడు.

శిక్షణ శాఖ అధికారులకు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు. రోబోలు, కొత్త మిషన్లు వస్తున్నాయని విన్నాను, సంతోషం. అందులో బాడీ రిపేర్‌కు కూడా ఒక మూల ఇవ్వండి. మా పిల్లలు పగలు పని మానుకుని రాలేరు, ఆదివారాలు పెట్టండి, సర్టిఫికెట్ అడక్కండి, తెలుగులో చెప్పండి. ఎనిమిదో తరగతి చదివిన నాకు ఆ పిల్లవాడు అరగంటలో, ఒక పట్టీ ముక్కతో, పుస్తకం తెరవకుండా చెప్పగలిగాడు. ఎన్‌ఐటీ మన ఊళ్లోనే ఉంది, అందులో ఇంత పెద్ద మెటలర్జీ విభాగం ఉంది. ఆ గేటుకూ మా ఆటోనగర్‌కూ మధ్య దూరం ఆటోలో అరగంట. ఏడాదికి రెండు ఆదివారాలు ఆ సార్లు మా దగ్గరికొస్తే, బల్లలు, టీ మేం చూసుకుంటాం. కొత్త రకం స్పాట్ వెల్డింగ్ మిషన్ లక్షల్లో ఉంది, ఒక్కో షెడ్డు కొనలేదు. చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద ఆటోనగర్ మొత్తానికి ఒకటి పెట్టిస్తే, వాడుకున్నవాళ్లం గంటకు ఇంత అని కట్టుకుంటాం. ఫైర్ స్టేషన్ వాళ్లకు కూడా ఈ చదువు అవసరం. లోపల మనిషి ఇరుక్కున్నప్పుడు పాత కట్టర్‌తో ఈ ఉక్కు మీద పడితే సమయం పోతుంది. ఎక్కడ కోస్తే తొందరగా తెగుతుందో చూపే కాగితాలు బయటి దేశాల్లో ఫైర్ బండిలోనే ఉంటాయి.

ఇది రాస్తున్న రోజున మా షెడ్డులో ఒక కారుంది. చిన్న కారే, ఐదేళ్లది, హుజూరాబాద్ నుంచి వచ్చింది. కుడి పక్క పిల్లర్ కింది భాగంలో రెండు వేళ్ల లోతు గొయ్యి. డ్రిల్ బిట్టు పెట్టి చూశాను, దిగలేదు, కాబట్టి అది ఏ ఉక్కో నాకు తెలుసు. కానీ ఎక్కడ కోయాలో తెలియదు. పైనుంచి ఎంత కింద గట్టి ఉక్కు ఆగి, మెత్తనిది మొదలవుతుందో తెలియదు. కంపెనీ హెల్ప్‌లైన్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను, దగ్గర్లోని షోరూంకు తీసుకుపొమ్మన్నారు. షోరూం వాళ్లు చెప్పిన లెక్క ఓనర్ ఆరు నెలల జీతం. ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి "అయిందా అన్నా" అని అడుగుతున్నాడు. గ్యాస్ పెట్టనని చెప్పాను. పక్క షెడ్డులో రెండు రోజుల్లో చేసిస్తారని ఆయనకూ తెలుసు, అయినా నా మాట మీద ఆగాడు. కారు మీద టార్పాలిన్ కప్పి తొమ్మిది రోజులైంది. ఆ ఒక్క పేజీ పంపండి.

ఇట్లు,
వరంగల్ ఆటోనగర్‌లో 1994 నుంచి రేకు పని చేస్తున్న ఒక డెంటింగ్ మేస్త్రీ